షుగర్ చీటీలో రాయని జబ్బు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చి చెప్పింది. ఏటా ఈ సభలో ఆ తీర్పును తలచుకుంటాం. డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఏదైనా ఆరోగ్య విషయం చెప్పండి, షుగర్ గురించి అయితే అందరికీ పనికొస్తుంది" అన్నారు. ఒప్పుకున్నాను. అయితే ఏం తినాలి, ఏం తినకూడదు అనేది నేను చెప్పబోవడం లేదు. అది ఇండ్లల్లో కోడళ్లు రోజూ చెబుతూనే ఉన్నారు. షుగర్ వచ్చినవాడి మనసుకు ఏమవుతుందనేది నా విషయం.

నేను డాక్టరును కాను. రెవెన్యూలో గుమస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ని. నాకు 76 ఏళ్లు. షుగర్‌కు 24 ఏళ్లు. ఈ రెండే నా అర్హతలు. చదివింది కొంత, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కొంత, మీద పడ్డది కొంత. ముందు మీద పడ్డది చెబుతాను.

నాకు బోధన్‌లో ఒక మిత్రుడు ఉండేవాడు. పేరు చెప్పను, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇద్దరం ఒకే తాలూకా ఆఫీసులో ఎదురెదురు బల్లల మీద పదకొండేళ్లు పనిచేశాం. ఇంట్లో వాళ్లది మరాఠీ. తెలుగు మనకంటే బాగా రాసేవాడు, కాని కోపమొచ్చినా బాధొచ్చినా మరాఠీ వచ్చేది. రిటైరైన తర్వాత అతనికి షుగర్ ముదిరింది. కాలికి పుండైంది, ఒక వేలు తీసేశారు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా మంచం మీదనే ఉండేవాడు. "ఏమైంది రావ్ సాబ్?" అంటే ఒకటే మాట, "కరమత్ నాహీ రే." ఆ మాటకు నేను పొద్దుపోవడం లేదని అర్థం చేసుకున్నాను. "పెద్ద టీవీ కొనుక్కో, లేకుంటే మా జక్రాన్‌పల్లికి వచ్చి పది రోజులుండు, పత్తాలాడుకుందాం" అని సలహా ఇచ్చి వచ్చాను.

అతను మందులు సరిగా వేసుకునేవాడు కాడు. కట్టు కట్టించుకోవడానికి పోయేవాడు కాడు. తిండి మానేశాడు. కొడుకు తిడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. మేమందరం, నేను కూడా, "మొండోడు, చెప్తే వినడు" అనుకున్నాం. 2016లో పోయాడు. చీటీలో షుగర్ అని, కిడ్నీ అని రాశారు. అది నిజమే. కాని అతని అసలు జబ్బు ఏ చీటీలోనూ రాయలేదు. ఆ మాట నాకు తెలిసేసరికి రెండేళ్లు పట్టింది, అది కూడా నా మీదికి వచ్చిన తర్వాత.

2018లో నా ఇల్లాలు కాలం చేసింది. పెద్దకొడుకు మస్కట్‌లో, చిన్నవాడు హైదరాబాద్‌లో. దినాలైపోయాక ఎవరి దారిన వారు వెళ్లారు, వెళ్లాలి కూడా. మన ఆర్మూరు, జక్రాన్‌పల్లి పక్క ఇళ్లు మీకు తెలిసినవే. మేడలున్నాయి, గల్ఫ్ పైసలతో కట్టినవి, లోపల ఇద్దరు ముసలివాళ్లుంటారు. మా ఇంట్లో ఒక్కడే మిగిలాడు.

నేను ఏడవలేదు. అందుకే నాకేమీ కాలేదనుకున్నాను. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది. పేపరు చదివితే తలకెక్కేది కాదు. నలభై ఏళ్లు పొద్దున్నే పేపరు చదివిన మనిషిని, చుట్ట విప్పకుండానే పక్కన పెట్టేవాణ్ని. మాత్రలు వేసుకున్నానో లేదో గుర్తుండేది కాదు, గుర్తున్నా వేసుకుని ఏం చేయాలనిపించేది. మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌.బి.ఎ.1.సి., 7.4 ఉండేది 10.6కు పోయింది. చూపించుకునే డాక్టరు గారు కాగితం చూసి, "ఏం తింటున్నారు మీరు?" అని గద్దించి మాత్ర పెంచారు. మళ్లీ పోతే ఇన్సులిన్ రాశారు. ఆయన తప్పు పట్టడం లేదు, బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. కాని నేను ఏమీ తినడం లేదన్న సంగతి ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

నన్ను పట్టుకున్నది మా ఆఫీసులోనే పనిచేసిన ఒక ఉర్దూ మిత్రుడు. పాత ఉర్దూ రికార్డులు చదవడం నాకు నేర్పింది ఆయనే, నాకంటే నాలుగేళ్లు పెద్ద. రంజాన్ తర్వాత సేమియాలు తీసుకుని వచ్చాడు, నాకోసం చక్కెర లేకుండా. వచ్చి కూర్చుని నా ముఖం చూసి, "దిల్ నై లగ్‌రా క్యా?" అన్నాడు. మనసు నిలవడం లేదా అని. అంతే. ఎనిమిది నెలల నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన ఓపికగా కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు, అంతకు మూడేళ్ల కింద తనకూ ఇలాగే అయిందని, ఘబ్రాట్, కమ్‌జోరీ అంటూ గుండె డాక్టర్ల చుట్టూ ఏడాది తిరిగానని, చివరికి మానసిక వైద్యుడి దగ్గర తేలిందని. ఆయనకు కూడా షుగర్ ఉంది. "పాగల్ అయినవాళ్లు పోయే చోటు కాదు అది, నేనూ వస్తాను నడువు" అని నిజామాబాద్ పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని పోయాడు.

నా కథ అక్కడికి ఆపుతాను. తర్వాత ఏమైందో మళ్లీ వస్తాను. ముందు ఈ మాటల సంగతి చూడండి.

మన జిల్లా ఒక భాషది కాదు. బోధన్, రెంజల్, కోటగిరి పక్కన మరాఠీ ఉంది. నిజామాబాద్, బోధన్ పట్టణాలలో ఉర్దూ ఇళ్లు ఎన్నో. నిజాంసాగర్ కాలువ వచ్చిన తర్వాత భూములు కొనుక్కుని కోస్తా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు, వాళ్ల తెలుగు వేరు. తండాలలో లంబాడీ భాష. షుగర్ మాత్రం అందరికీ ఒకటే వచ్చింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే బయటికి వచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని అందులో లెక్క తేలింది. జబ్బు ఒకటే, దానితోపాటు మనసు కుంగితే చెప్పుకునే మాట మాత్రం ఇంటింటికీ వేరు. మన పల్లెలో "డిప్రెషన్" అని ఎవరంటారు? "పానం మంచిగ లేదు" అంటారు. "కాళ్లు గుంజుతున్నయ్, తినబుద్ధి కాదు, బుగులైతుంది" అంటారు. చూసినవాళ్లు "రంది పెట్టుకున్నడు" అంటారు. రంది అనేది ఎంత మంచి మాటో చూడండి, అందులో దిగులూ ఉంది, దాన్ని మోస్తున్న మనిషీ ఉన్నాడు. ఉర్దూలో ఘబ్రాట్, మరాఠీలో కరమత్ నాహీ. అన్నీ ఒంటి బాధలాగో, పొద్దుపోనితనంలాగో వినిపిస్తాయి. ఆఫీసు భాషలో చెప్పాలంటే, తపాలా సరిగానే వచ్చింది, కాని తప్పు సెక్షన్‌కు మార్కు చేశారు. కాళ్ల గుంజుడుకు నొప్పి గోలీ, నీరసానికి బలం మందు, నిద్రకు నిద్రగోలీ. ఫైలు తిరుగుతూనే ఉంటుంది, డిస్పోజల్ కాదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. మా పక్కింటి ఆమె బీడీలు చుట్టేది. షుగర్ వచ్చి కండ్లు మసకబారి చాట పక్కన పెట్టింది. ఆస్పత్రికి కొడుకూ కోడలూ తీసుకుపోతారు. డాక్టరు అడిగిన ప్రతిదానికి కోడలే జవాబు చెబుతుంది. మంచి పిల్లే, అత్తను చూసుకుంటుంది. కాని కోడలి ఎదుట అత్త తన మనసు విప్పుతుందా? భాష రానివాళ్లకు కొడుకో మనుమడో దుబాసీ. తల్లి నాలుగు మాటలు చెబితే కొడుకు, "ఏం లేదు సార్, ముసలితనం" అని ఒక్క మాటలో తర్జుమా చేసేస్తాడు. నేను ఇది కళ్లారా చూశాను.

షుగర్‌కూ దిగులుకూ సంబంధం ఉందన్నది కొత్త సంగతి కాదు. 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు, దీర్ఘకాలం దుఃఖం వల్ల ఈ జబ్బు వస్తుందని రాశాడు. ఇప్పటి వైద్యులు రెండువైపులా చూస్తున్నారు. షుగర్ ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారికంటే దాదాపు రెట్టింపుగా కనబడుతుందని, కుంగుబాటు ఉన్నవారికి షుగర్ వచ్చే అవకాశం కూడా ఎక్కువని తేల్చారు. కారణం కొంత మనకే తెలుసు. మనసు బాగాలేనివాడు నడవడు, మందు మరుస్తాడు, పుండు చూసుకోడు. దానికి తోడు దిగులులో ఒంట్లో పుట్టే కొన్ని రసాయనాలు కూడా షుగర్‌ను పైకి నెడతాయట. షుగర్ పెరిగితే మళ్లీ నీరసం, దిగులు. బావిలో మోటలాగా ఒకదాన్ని ఒకటి తోడుతూ ఉంటాయి.

మరి బాగవుతుందా? ఇది అడిగే తీరాలి. ఇక్కడ మన తెలుగు గడ్డ మీదనే జరిగిన ఒక పని చెబుతాను. విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, ఈ నాలుగు ఊళ్లలోని షుగర్ క్లినిక్‌లలో 404 మంది మీద ఒక పరిశీలన జరిగింది. 2020లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. అందరికీ షుగర్ ఉంది, కుంగుబాటు ఉంది, షుగరో బి.పి.యో కొలెస్టరాలో అదుపు తప్పి ఉంది. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, హిందీవారు, ఎవరి భాష వారిది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి అదనంగా ఒక మనిషిని కేటాయించారు. డాక్టరు కాదు, శిక్షణ పొందిన సమన్వయకర్త. ఆ మనిషి పని ఏమిటంటే, రోగితో మాట్లాడటం, ఫోన్ చేయడం, మందు వేసుకున్నారా, నడిచారా, మనసు ఎలా ఉంది అని అడగడం, ఆ సంగతులన్నీ రాసి షుగర్ డాక్టరు ముందు, మానసిక వైద్యుని ముందు పెట్టడం. వాళ్లు చూసి మందు మార్చాలంటే మారుస్తారు. అంటే మన సెక్షన్ క్లర్కు పనే! ఫైలు ఆగకుండా చూసేవాడు.

రెండేళ్ల తర్వాత లెక్క చూశారు. దిగులు సగానికి సగం తగ్గి, దానితోపాటు షుగర్, బి.పి., కొలెస్టరాల్‌లో కనీసం ఒకటైనా తగినంత మెరుగైనవారు ఎందరు అని. ఆ మనిషి తోడున్నవారిలో నూటికి దాదాపు 72 మంది. మామూలు వైద్యంలో 57 మంది. లెక్కలు రాసిన చెయ్యి కనుక ఒక మాట అంటాను. తేడా ఉంది, కాని ఆ 57ను కూడా చిన్నచూపు చూడకండి. జబ్బును గుర్తించి పేరు పెట్టి చూసుకుంటే సగం మందికి పైగా మామూలు వైద్యంతోనే మెరుగయ్యారు. పైగా అవి పెద్ద ఊళ్ల క్లినిక్‌లు, మన మండలాలలో పరిస్థితి వేరు. అయినా కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు వాళ్లు. అడిగే మనిషిని పెట్టారు. అమెరికాలో లాస్ ఏంజిల్స్‌లో స్పానిష్ మాట్లాడే పేదల మధ్య కూడా ఇంతకుముందు ఇటువంటిదే చేశారు, వాళ్ల భాషలో, మాటలతో వైద్యం కావాలా మందు కావాలా అని వాళ్లనే అడిగి. అక్కడా దిగులు తగ్గింది.

ఇప్పుడు నా వైద్యం సంగతి. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, మా మనుమరాలి ఈడు. కాగితాలు చూడకుండా ముందు నా ముఖం చూసింది. రెండు ప్రశ్నలు అడిగింది. గడిచిన రెండు వారాలలో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉన్నదా? రెంటికీ అవునన్నాను. అప్పుడు మిగతా ప్రశ్నలు అడిగింది, నిద్ర, ఆకలి, నీరసం, బతకాలని ఉందా లేదా అనేది కూడా. ఆ చివరి ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఉర్దూ మిత్రుడు అప్పుడు బయటికి పోయి నిలబడ్డాడు, చెప్పకుండానే అర్థం చేసుకుని.

థైరాయిడ్ పరీక్ష, బి12 పరీక్ష రాసింది. ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా మనిషి మందకొడిగా అవుతాడు, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 తగ్గి నీరసం, తిమ్మిర్లు వస్తాయి. మీలో మెట్‌ఫార్మిన్ వాడేవారు ఈ పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. తర్వాత ఒక మాత్ర, చిన్న మోతాదు. రెండు వారాలకొకసారి వచ్చి మాట్లాడమంది. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు నడవాలి, ఒక్కడివి కాదు, ఎవరితోనైనా.

ఆ మాత్ర గురించి నాకున్న అపోహలే మీకూ ఉంటాయి. అది నిద్రమాత్ర కాదు. నిద్రగోలీల మాదిరిగా అలవాటు పడేది కాదు. వేసుకున్న మర్నాడే పనిచేయదు, రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. నాకు మొదటి పది రోజులు కడుపులో తిప్పడం తప్ప ఏమీ కనబడలేదు, మానేద్దామనుకున్నాను. బాగయిందని వెంటనే ఆపకూడదు, కొన్ని నెలలు వాడి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మన వయసువారికి కొన్ని మాత్రల వల్ల ఒంట్లో ఉప్పు, అదే సోడియం, తగ్గవచ్చు, అందుకని రక్తపరీక్ష చేస్తారు. షుగర్ కూడా కొంత అటూ ఇటూ కావచ్చు కాబట్టి ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించాలి. అరికాళ్ల మంటకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా మనసు మందుల జాతిదే. అయితే దానితో బరువు పెరగవచ్చు, ప్రోస్టేటు, కంటి ఒత్తిడి, గుండె జబ్బు ఉన్నవారికి ఇబ్బంది చేయవచ్చు. పక్కింటాయన వాడుతున్నాడని తెచ్చుకోకండి.

ఇక కల్లు మాట చెప్పకపోతే మన జిల్లాలో ఈ ప్రసంగం పూర్తి కాదు. సాయంత్రానికి రంది మరవడానికి కల్లు దుకాణానికి పోయేవారిని నేను తప్పు పట్టను, చెట్టు కల్లు మన పండుగలలో ఉన్నదే. కాని దుకాణాలలో అల్ప్రాజోలం, డైజీపామ్ వంటివి కలిపిన కల్లు ఎన్ని ఏళ్లు నడిచిందో మీకు తెలుసు. 2015లో కల్తీ మీద గట్టిగా పట్టుబట్టినప్పుడు, ఆ మందు ఒక్కసారిగా అందక మన జిల్లాలో ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, వింత మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. జనం అప్పుడు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అంతమంది రోజూ తెలియకుండా మనసుకు మందు వేసుకుంటున్నారన్న మాట, డాక్టరు లేకుండా, మోతాదు లేకుండా. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎందరో, దిగులు ఉన్నవాళ్లు ఎందరో ఎవరు లెక్క పెట్టారు? అలవాటు ఉన్నవారు కూడా ఒక్కసారిగా మానకూడదు. డాక్టరుకు నిజం చెప్పి మానాలి.

పది నెలలకు నా షుగర్ 7.8కు దిగింది. ఇన్సులిన్ తగ్గించారు. ఒకరోజు పొద్దున పేపరు చుట్ట విప్పి, డి.ఎ. వార్త చదివి, సర్కారు మీద కోపం వచ్చింది. అప్పుడు అనుకున్నాను, నేను బాగయ్యానని.

కాని నాకు బోధన్ మిత్రుడు గుర్తొస్తాడు. కరమత్ నాహీ అంటే పొద్దుపోకపోవడం ఒక్కటే కాదని, ఎక్కడా మనసు నిలవకపోవడమని, మొన్నీమధ్య ఒక మరాఠీ టీచరమ్మను అడిగితే చెప్పింది. పదకొండేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి తన భాషలో నాకు చెప్పాడు. నేను టీవీ కొనుక్కోమన్నాను. అతని కొడుకుకు ఈ సంగతి ఈ మధ్యనే ఉత్తరం రాశాను. "మా నాన్న మొండివాడు కాదన్న మాట" అని రెండు లైన్లు జవాబు వచ్చింది.

ట్రెజరీ వారికి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం, బతికి ఉన్నామని. ఎలా బతికి ఉన్నామో అడిగే కాలమ్ అందులో లేదు. అందుకని మన సంఘం ప్రతి నెలా పెట్టే షుగర్ పరీక్షలలో ఒక చిన్న ఏర్పాటుకు కార్యవర్గం ఒప్పుకుంది. బరువు చూసే బల్ల పక్కన, తెర కట్టి, ఇంకో బల్ల వేస్తారు. అక్కడ ఆ రెండు ప్రశ్నలు అడుగుతాం. తెలుగుకు నేను, ఉర్దూకు మా మిత్రుడు, మరాఠీకి ఆ టీచరమ్మ. తండాల నుంచి వచ్చేవారికి రిటైరైన ఏ.ఎన్.ఎం. ఒకామె వస్తానన్నది, ఆమెది లంబాడీ ఇల్లే. వెంట వచ్చిన కొడుకులు, కోడళ్లు ఐదు నిమిషాలు తెర బయట కూర్చోవాలి. మేము వైద్యం చేయం. రెంటికీ అవునన్నవారిని ఒంటరిగా పంపకుండా పెద్దాసుపత్రికి ఎవరో ఒకరం వెంట పోతాం. రాత్రివేళ మనసు బొత్తిగా నిలవకపోతే, బతుకు వద్దనిపిస్తే, 14416 నెంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీమానస్, పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. గోడ మీద కరెంటు ఆఫీసు నెంబరు రాసుకుంటాం కదా, దాని కింద ఇది కూడా రాసుకోండి.

మొదటి బల్ల వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు. పరగడుపున రావాలి, పాత చీటీలన్నీ తెచ్చుకోవాలి. భోజనాలు సిద్ధమైనట్టు అక్కడినుంచి సైగ చేస్తున్నారు. షుగర్ ఉన్నవారికి జొన్నరొట్టెలు కుడివైపు బల్ల మీద పెట్టారు.